చేతులు మారే ఆట

పత్తి మిల్లులున్న ఊళ్లో సీడీ డ్రైవు ఎక్కువ కాలం బతకదు. జిన్నింగు నడిచే నెలల్లో కంటికి కనపడని నూగు గాలిలో తేలుతూ ఉంటుంది. ఫ్యాను రెక్కల మీదా, దోమతెరల మీదా పేరుకున్నట్టే అది డ్రైవు లోపలికీ చేరుతుంది. ప్లేస్టేషన్ 2 మూత విప్పితే లెన్సు అటూ ఇటూ జరిగే కమ్మీల మీద, గ్రీజుకు అంటుకుని బూడిద రంగు పోగు కనపడేది. దాన్ని పట్టకారుతో తీసి, దూది పుల్లకు స్పిరిటు తడి చేసి లెన్సు మీద గుండ్రంగా ఒక్కసారి తిప్పి వదిలెయ్యాలి. గట్టిగా నొక్కితే లెన్సును పట్టుకునే సన్నని తీగలు వంగిపోతాయి. గుంటూరు మిర్చి యార్డు పక్కనుండే ఇళ్ల నుంచి వచ్చిన పెట్టె అయితే విప్పగానే ముందు తుమ్ములు వచ్చేవి. చిలకలూరిపేటలో రేడియోలతో మొదలుపెట్టి టీవీలు, వీసీఆర్లు, టీవీ గేములు, ప్లేస్టేషన్ల దాకా బాగుచేస్తూ బతికాను. ఆటలు ఆడింది తక్కువ. ఆడేవాళ్ల పెట్టెలు తెరిచి చూసింది ఎక్కువ.

డిస్కుల కాలం అయిపోయిందని ఇప్పుడు అందరూ అంటున్నారు. కొత్త పెట్టెలు కొన్ని డిస్కు పెట్టే సందు లేకుండానే వస్తున్నాయి. ఆట కావాలంటే డబ్బు కట్టి దింపుకోవాలి. మా పిల్లల తరానికి ఇది మామూలు విషయం. కానీ ఈ మెట్ట పొలాల మధ్య ఊళ్లలో వీడియో గేము ఇంతమందికి ఎలా చేరిందో నా కళ్లతో చూశాను. కొత్త డిస్కు కొన్నవాళ్లు చాలా కొద్దిమంది. మిగతాదంతా అద్దె, అరువు, మార్పిడి, సెకండ్ హ్యాండ్. ఆ చరిత్ర ఎవరూ రాసిపెట్టలేదు. అది పోతే ఏం పోతుందో చెప్పాలంటే ముందు అది రాయాలి.

అద్దె అలవాటు మాకు వీసీఆర్‌తో వచ్చింది. 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ దేశంలోకి వచ్చింది, ఆ వెనకే వీసీఆర్ వచ్చింది. పత్తికి ధర పలికిన ఏడు టీవీ కొన్న ఇళ్లున్నాయి గానీ వీసీఆర్ కొన్న ఇల్లు ఊరికి ఒకటి ఉంటే గొప్ప. షాపులో ఒక రాత్రికి అద్దె కడితే టీవీ, వీసీఆర్, మూడు నాలుగు క్యాసెట్లు రిక్షాలో వేసి పంపేవాళ్లు. వాటితోపాటు షాపు కుర్రాడూ వచ్చేవాడు. తెల్లవార్లూ అతనే క్యాసెట్లు మార్చి, పొద్దున్నే సామాను ఎక్కించుకుని వెళ్లిపోయేవాడు. పెళ్లికీ, చాలామంది ఇళ్లల్లో సంక్రాంతికీ అదొక వేడుక. 1987లో తెల్లదోమ వచ్చి పత్తిని ఊడ్చేసింది. ఆ ఏడాది ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొన్న టీవీలు మళ్లీ షాపులకు తిరిగొచ్చాయి. సొంతానికి కొనుక్కోవడం అంటే ఆ తరం చాలాకాలం భయపడింది. అద్దెకు తెచ్చుకోవడంలో ఆ భయం లేదు.

టీవీ గేము వచ్చింది ఆ దారినే. జపాన్ నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌ను పోలిన పెట్టెలు తొంభైల మొదట్లో మా దాకా వచ్చాయి. సమురాయ్, మీడియా లాంటి పేర్లతో ఉండేవి, పేరే లేనివి అంతకంటే ఎక్కువ. అందులో పెట్టే ప్లాస్టిక్ దిమ్మను అందరూ క్యాసెట్టనే అనేవాళ్లు. దాని మీద 64 ఇన్ 1, 9999 ఇన్ 1 అని రాసి ఉండేది. విప్పి చూస్తే సర్క్యూటు బోర్డు మీద నల్లటి ఎపాక్సీ చుక్క, దాని కింద చిప్పు, అంతే. పదివేల ఆటలంటూ అవే పదో పదిహేనో పేర్లు మార్చి తిప్పేవాళ్లు. అయినా కాంట్రా, మారియో, బ్యాటిల్ సిటీ, రోడ్ ఫైటర్, బాతుల్ని కాల్చే ఆట, ఇవి ఉంటే చాలు, పిల్లలకు వేసవి గడిచిపోయేది. ఆట రాకపోతే క్యాసెట్టు తీసి నోటితో ఊదేవాళ్లు. ఊదితే నోటి తడి తగిలి రాగి పళ్లకు చిలుము పడుతుంది. నా దగ్గరికొచ్చిన వాటిలో సగానికి నేను చేసిన వైద్యం పెన్సిలు రబ్బరుతో ఆ పళ్లు రుద్దడమే.

ఆ పెట్టెను డయనోరా టీవీకో, సాలిడేర్‌కో యాంటెన్నా తీగ పెట్టేచోట తగిలించి, ఛానలు తిప్పుతూ బొమ్మ పట్టుకోవాలి. తిప్పడం రాక పిలిచేవాళ్లు, వెళ్లేవాణ్ని. అలా వెళ్లిన ఇళ్లలో చూసిందేమిటంటే, పెట్టె ఒకరిది, క్యాసెట్టు ఇంకొకరిది, జాయ్‌స్టిక్కు మరొకరిది. యడవల్లిలో ఉన్న క్యాసెట్టు ఆదివారానికి బొప్పూడికి వెళ్లేది. ఎవరి వస్తువు ఎవరింట్లో ఉందో పిల్లలకు నోటిలెక్క. మరీ పెద్ద తగాదా వస్తే తల్లులు తీర్చేవాళ్లు.

సీడీ 1982లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చినదే అయినా మాకు తెలిసింది తొంభైల చివర. ముందు సినిమా వీసీడీలు, తరవాత కంప్యూటరు ఆటలు, ఆ వెనకే ప్లేస్టేషన్. సరుకు మద్రాసు నుంచి వచ్చేది. విజయవాడ నుంచి బయలుదేరే పినాకిని ఎక్స్‌ప్రెస్ తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా మధ్యాహ్నానికల్లా మద్రాసులో దింపుతుంది. బర్మా బజారుకు పోయి సంచీ నింపుకుని రాత్రికి తిరిగొచ్చే షాపువాళ్లు నాకు తెలుసు. మొదటి ప్లేస్టేషన్ అసలు డిస్కు అడుగుభాగం నల్లగా ఉంటుంది. కాపీ డిస్కు అడుగు వెండి రంగులోనో, పచ్చగానో మెరుస్తుంది. మా వైపు తిరిగిన వాటిలో అడుగు నల్లగా ఉన్నవి అరుదు. అసలు డిస్కు ధర పత్తి తీతకు పోయే మనిషి వారాల కూలి. ఆట తయారుచేసినవాళ్లకు అందులో దక్కింది ఏమీ లేదు. అది తప్పే, నేను దాన్ని సమర్థించను. కానీ ఈ చరిత్రలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది అబద్ధం.

ఆ పాత ప్లేస్టేషన్లను తలకిందులుగా పెట్టి ఆడేవాళ్లు. ఎందుకంటే తొలి మోడళ్లలో లెన్సు జరిగే కమ్మీ ప్లాస్టిక్‌ది. వాడగా వాడగా అరిగి లెన్సు కాస్త కిందికి వాలేది, డిస్కు చదవలేకపోయేది. పెట్టెను తిరగేస్తే బరువు అటు పడి మళ్లీ చదివేది. మార్టూరులో ఒక షాపులో వరసగా నాలుగు పెట్టెలు బోర్లా పెట్టి ఉండటం చూశాను. గంటకు పది రూపాయలు. పిల్లలు చెప్పులు బయట వదిలి, నేల మీద కూర్చుని ఆడేవాళ్లు. వెనక నిలబడి చూసేవాళ్లకు డబ్బుల్లేవు, వాళ్లే ఎక్కువమంది.

ఈ వ్యాపారానికీ పంటకూ ముడి ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు యార్డుకు మిర్చి పోటెత్తుతుంది. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోతాయి. చేతిలో డబ్బు, ఇంట్లో ఖాళీగా పిల్లలు, బయట అడుగు పెట్టలేని ఎండ. అద్దె షాపులకు అదే సీజను. జూన్, జులైల్లో విత్తనాలకూ, ఎరువులకూ డబ్బు కావాలి. అప్పుడు సెకండ్ హ్యాండ్ పెట్టెలు, డిస్కుల సంచులు అమ్మకానికి వచ్చేవి. మళ్లీ మార్చిలో అవే పెట్టెలు ఇంకో ఊరి వాళ్లు కొనుక్కునేవాళ్లు. వాటి మీద నేను పెట్టిన స్క్రూల గుర్తులు నాకు తెలుసు కాబట్టి ఏది ఎక్కడ తిరిగిందో చెప్పగలిగేవాణ్ని. మా ఇంట్లో బియ్యం కొన్నది చాలాసార్లు ఆ జులై నెల రిపేర్లతోనే.

ఒక డిస్కు నా దగ్గర ఉంది. 2003లో ప్లేస్టేషన్ 2కు వచ్చిన కుస్తీ ఆట, స్మాక్‌డౌన్ వరసలో హియర్ కమ్స్ ది పెయిన్. ఇది అసలుదే, కాపీ కాదు. అట్ట మీద బ్రాక్ లెస్నర్ బొమ్మ ఉండేది, ఇప్పుడు అట్ట లేదు. డిస్కు పైభాగాన నడిమి రంధ్రం చుట్టూ మార్కరుతో పొడి అక్షరాలు రాసి ఉన్నాయి. కె.ఎస్. అని రాసి కొట్టేశారు. పక్కన పి.వి.ఆర్., అదీ కొట్టేశారు. తరవాత మార్టూరు అని ఊరి పేరు, ఆ కింద మస్తాన్, దాని మీద అడ్డగీత. ఇలా తిరుగుతూ చివర శిరీష అని ఒక పేరు కొట్టివేత లేకుండా ఉంది. ఒక్కో పేరు ఒక్కో యజమాని. అమ్మినప్పుడో, ఇంకో ఆటకు మార్చుకున్నప్పుడో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసుకున్నారు. ఎవరినీ అడగలేదు, ఏ కంపెనీ అనుమతీ తీసుకోలేదు. రంధ్రం దగ్గర చిన్న పగులు వచ్చిందని బాగుచేయమని తెచ్చారు. పగులుకు మందు లేదు. డ్రైవులో వేగంగా తిరిగేటప్పుడు అక్కడినుంచే విచ్చిపోయి లెన్సును కూడా చెడగొడుతుంది. శిరీష దాన్ని నా దగ్గరే వదిలేసింది.

2007లో ఒక వింత జరిగింది. మోజర్ బేర్ అనే కంపెనీ ఖాళీ డిస్కులు చేసే స్థాయి నుంచి సినిమాల హక్కులు కొని వీసీడీ 28 రూపాయలకూ, డీవీడీ 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టింది. తెలుగు సినిమాలూ వచ్చాయి. అద్దె డబ్బులకు కాస్త కలిపితే డిస్కు సొంతం అవుతుంటే ఇక అద్దెకెందుకు? కిళ్లీ కొట్లలో కూడా డిస్కులు వేలాడాయి. సినిమా సీడీల అద్దె షాపులకు పైరసీ వల్ల కాని దెబ్బ ఆ చవక ధరల వల్ల తగిలింది. గేముల షాపులు మాత్రం నిలిచాయి, గేముల ధరలు అలా తగ్గలేదు గనక. ఆ మోజర్ బేర్ కూడా 2018లో దివాలా తీసి లిక్విడేషన్‌లోకి వెళ్లింది.

2009లో హైదరాబాద్ నుంచి రెండు ఆటలు ప్లేస్టేషన్ 2 డిస్కుల మీద వచ్చాయి. అరోనా టెక్నాలజీస్ చేసిన హనుమాన్: బాయ్ వారియర్ ఒకటి. పూర్తిగా మన దేశంలో తయారై ఆ పెట్టెకు వచ్చిన తొలి ఆట అదే. గేమ్‌శాస్త్ర చేసిన దేశీ అడ్డా రెండోది, అందులో కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలు ఉంటాయి. దేవుణ్ని జాయ్‌స్టిక్‌తో ఆడించడమేమిటని అమెరికాలో ఒక హిందూ సంఘం నాయకుడు అభ్యంతరం చెప్పారు. సింగరకొండ ఆంజనేయస్వామి తిరునాళ్లకు ఏటా వెళ్లే అద్దంకి వైపు పిల్లవాడొకడు నా కొట్లో ఆ హనుమాన్ డిస్కును కళ్లకద్దుకుని మరీ పెట్టెలో పెట్టాడు. ఆట గొప్పగా ఉందని నేను చెప్పలేను, విదేశీ ఆటల ముందు మోటుగానే ఉంది. అయినా తెలుగు నేల మీద తయారైన ఆట మా కొట్టు దాకా వచ్చింది, ఒక డిస్కు రూపంలో వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

ఇంటర్నెట్ వచ్చి డిస్కును చంపిందంటారు. మా వైపు మొదట జరిగింది దానికి వ్యతిరేకం. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చినప్పుడు వేగం 256 కేబీపీఎస్, అంటే సెకనుకు 32 కిలోబైట్లు. డీవీడీ నిండా, 4.7 జీబీ ఉన్న ఆట దిగాలంటే ఒక్కసారీ తెగకుండా 40 గంటల పైమాటే. కరెంటు కోతలున్న ఊళ్లలో అదెక్కడ సాధ్యం? రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత దింపుకున్నా లెక్కలోకి రాని ప్లాను ఒకటి ఉండేది. ఒక్కడు ఆ వేళలో కంప్యూటరు వదిలేసి, వారం రోజుల్లో ఒక ఆట దింపి, డీవీడీ మీద రైట్ చేస్తే అది పది ఊళ్లు తిరిగేది. నెట్టు ఒకరింటికి వచ్చింది, ఆట మాత్రం డిస్కు మీదే ఊరంతా తిరిగింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ అవసరం పోయింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబులు లాగి 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇచ్చింది. ప్లేస్టేషన్ షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పిల్లలంతా ఫోన్లలోకి వెళ్లిపోయారు. నేనూ ఫోన్ల డిస్‌ప్లేలు మార్చడం నేర్చుకున్నాను.

2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, అందులో పబ్‌జీ మొబైల్ ఉంది. కొద్ది రోజులకు మా వీధి చివర ఉండే కుర్రాడు ఫోను పట్టుకుని వచ్చాడు. వేసవిలో మిరపకాయల కోతకు పోయి సంపాదించుకున్న డబ్బులతో అందులో తుపాకీ రంగులు, బట్టలు కొనుక్కున్నాడు.

"బాబాయ్, ఫోను బాగానే ఉంది. మరి నేను కొన్నవి ఎక్కడికి పోయినయ్?"

"ఫోన్లో ఉండవురా అవి. వాళ్ల దగ్గర ఉంటాయి."

"నేను డబ్బులిచ్చా గదా!"

వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి, దేశ భద్రత గురించి నాకు తెలిసింది తక్కువ. మరుసటి ఏడు జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, పాత ఖాతాల్లోవి కొత్తదానికి మార్చుకునే వీలు కొంతకాలం ఇచ్చారు. 2022 జులైలో అదీ మాయమై, 2023 మేలో మళ్లీ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే ఇంకో ఆట పోయింది, దాని మ్యాక్స్ రూపం మిగిలింది. రావడం పోవడం రెండూ ఆడేవాడి చేతిలో లేవు. తొంభైలనాటి పచ్చ క్యాసెట్టు ఇప్పటికీ మా ఊళ్లో అటకల మీద ఉంది, రబ్బరుతో రుద్దితే ఆడుతుంది.

పరాయి చోట ఉన్న వస్తువు మీద హక్కు ఎలా ఉండాలో చెప్పడానికి గుంటూరు వాళ్లకు వేరే ఉదాహరణ అక్కర్లేదు, కోల్డ్ స్టోరేజీ బాండు చాలు. రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. కట్టడం ఇంకొకరిది, తాళాలు ఇంకొకరివి, తాను కట్టేది సీజను అద్దె. చేతికి వచ్చేది ఒక కాగితం. కానీ ఆ కాగితం మీద లాటు నంబరు, టిక్కీల లెక్క, తన పేరు ఉంటాయి. దాన్ని బ్యాంకులో పెట్టి అప్పు తెస్తాడు. ధర వస్తే వ్యాపారికి రాసిస్తాడు, టిక్కీ కదలకుండానే సరుకు చేతులు మారుతుంది. కొడుక్కి ఇస్తే కొడుకు తెచ్చుకుంటాడు. సరుకు పరాయివాడి గదిలో ఉందన్నది సమస్యే కాదు, హక్కు తన కాగితంలో ఉంది గనక. దింపుకునే ఆటకు డబ్బు కట్టినవాడికి చేతికొచ్చేది కూడా ఒక కాగితమే, లైసెన్సు. అందులో మాత్రం ఇది నీ ఒక్కడి ఖాతాకే, అమ్మకూడదు, ఇవ్వకూడదు, మేం ఎప్పుడైనా ఆపేయవచ్చు అని ఉంటుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోని ఖాతాను వీలునామాలో వారసులకు రాసివ్వడం కుదరదని 2024లో ఆ సంస్థ సహాయ విభాగమే ఒక వినియోగదారుకు జవాబిచ్చింది. అలాంటి బాండు ఇస్తే మా రైతు ఒక్క టిక్కీ కూడా దించడు.

పైదేశాల్లో దీని మీద గట్టి పోరాటమే నడుస్తోంది. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ నిబంధనలు ప్రకటిస్తూ పెట్టెను రోజుకోసారి నెట్టుకు కలపాలనీ, వాడిన డిస్కుల చేతిమార్పిడికి హద్దులుంటాయనీ చెప్పింది. జనం తిరగబడితే అదే నెల 19న వెనక్కి తీసుకుంది. ఆ రోజుల్లోనే సోనీ ఒక చిన్న వీడియో వదిలింది. ఆటను ఇంకొకరితో ఎలా పంచుకోవాలి అని అడిగి, ఒక మనిషి డిస్కు డబ్బాను పక్కవాడి చేతికిస్తాడు. వీడియో అంతే. మా మార్టూరు కుర్రాళ్లు ఏళ్లుగా చేస్తున్న పనే అది. అదే సోనీ 2020లో డిస్కు సందు లేని ప్లేస్టేషన్ 5ను కూడా తెచ్చింది. 2021 ఫిబ్రవరి 2న మన దేశంలోకి వచ్చినప్పుడు సందు ఉన్నదాని ధర 49,990, లేనిదాని ధర 39,990. పదివేలు మిగులుతాయని లేనిది కొన్నవాళ్లను చూశాను. కొత్త ఆట 4,999 పెట్టి కొని, ఆడేసి, సగానికో ముప్పాతికకో ఇంకొకరికి అమ్ముకునే దారి వాళ్లకు మొదటి రోజే మూసుకుపోయింది. మధ్యతరగతి ఇంటికి ఆ దారే అసలు ఆదా.

యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు కట్టి కొన్నవాళ్ల దగ్గర ఆట పనికిరాకుండా పోయింది. ఆ కోపంలోంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం పుట్టి, 2025 జులైకల్లా ఐరోపాలో పది లక్షల సంతకాలు దాటింది. కాలిఫోర్నియా చట్టం ఒకటి 2025 జనవరి 1 నుంచి అమలవుతోంది. లైసెన్సు మాత్రమే ఇస్తూ "కొనండి" అని రాయాలంటే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలి.

డిస్కును దేవుణ్ని చేసి మాట్లాడను. ది క్రూ డిస్కు కొన్నవాళ్లకూ ఆట పోయింది, అది సర్వరు లేకుండా నడవదు గనక. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ డిస్కులో ఉన్నది 70 ఎంబీ చుట్టూ మాత్రమే, మిగతాదంతా దింపుకోవాల్సిందే. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2కు కొన్ని ఆటలు తాళంచెవి కార్డులుగా వస్తున్నాయి. కార్డు చేతులు మారుతుంది, ఆట మాత్రం కార్డులో ఉండదు. ఇక డిస్కు ఆయుష్షు సంగతి నాకే బాగా తెలుసు. జనం అడుగున గీతలు చూసి బెంగపడతారు గానీ సీడీలో సమాచారం ఉన్న పొర పైన, లేబులు కిందే ఉంటుంది. అడుగు గీతను నునుపు చేసి బతికించవచ్చు, లేబులు మీద గోరుతో గీకితే ఆ ముక్క పోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్య ఉంటుంది, కాస్త నయం. ఇంట్లో రైట్ చేసుకున్న డిస్కుల్లో రంగు పొర ఎండకు పాడవుతుంది. రెంటచింతల ఎండల్లో కిటికీ పక్కన ఉంచిన సీడీలు నాలుగైదేళ్లకే ఖాళీ అద్దాలై నా దగ్గరికొచ్చాయి. లోకంలో లేజరు లెన్సుల తయారీ కూడా తగ్గిపోతోంది. సోనీ 2025 ఫిబ్రవరిలో రైట్ చేసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది.

కాబట్టి నేను అడిగేది ప్లాస్టిక్ పలక కోసం కాదు. డబ్బిచ్చి కొన్నదాన్ని ఇంకొకరి చేతికివ్వగలగాలి, అమ్మిన కంపెనీ వెళ్లిపోయినా అది ఎక్కడో ఒకచోట ఆడుతూ ఉండాలి. పుస్తకాల విషయంలో మా జిల్లాలు ఈ పని ఎప్పుడో చేసి చూపించాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. వందేళ్ల నాటి పత్రికల సంచికల కోసం ఇవాళ్టికీ పరిశోధకులు అక్కడికే వస్తారు. పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలవ వెంట ఊరూరా పంచారు. కొనలేనివాడు చదవలేకపోకూడదని నమ్మిన మనుషులు వాళ్లు.

1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణకర్త కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ పంపాలి. మద్రాసు కన్నెమరా అందులో ఒకటి. ఆ చట్టంలో పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి, వీడియో గేము లేదు. హైదరాబాద్‌లో అచ్చయిన చిన్న కరపత్రం లాంటి పుస్తకానికీ చోటుంది, హైదరాబాద్‌లో తయారైన హనుమాన్ ఆటకు లేదు. ఇంకోపక్క 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు, న్యాయంగా సంపాదించిన ప్రతిని లాభాపేక్ష లేని గ్రంథాలయం లాభానికి కాకుండా అరువిస్తే అది వాణిజ్య అద్దె కిందికి రాదని స్పష్టంగా రాశారు. 2009లో సినిమా డీవీడీలు అద్దెకిచ్చే ఒక లైబ్రరీని ఢిల్లీ హైకోర్టు ఆపింది, అది వ్యాపారం గనక. ఊరి గ్రంథాలయానికి ఆ అడ్డు లేదు.

మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది. 2022లో జిల్లాలు విడిపోయాక మా చిలకలూరిపేట పల్నాడులో, మార్టూరు, వేటపాలెం బాపట్లలో పడ్డాయి గానీ సెస్సు అన్నిచోట్లా కడుతున్నాం. అందులోంచి గ్రంథాలయంలో ఆటల కోసం ఒక్క బీరువా అడుగుతున్నాను. హనుమాన్, దేశీ అడ్డా అసలు డిస్కులు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా దొరుకుతున్నాయి, అవి కొనండి. అటకల మీద క్యాసెట్లూ, నల్ల అడుగు డిస్కులూ ఉన్నవాళ్లు ఇస్తామంటే తీసుకోండి. ఎవరిచ్చారో, ఏ ఊళ్లో తిరిగిందో రిజిస్టరులో రాయండి. డిస్కు మీద కొట్టేసిన పేర్లుంటే తుడవొద్దు. బీరువాను పడమటి కిటికీ పక్కన పెట్టకండి. ఒక ప్లేస్టేషన్ 2, ఒక టీవీ గేము పెట్టె, ఒక పాత డబ్బా టీవీ పక్కనే ఉంచి, వేసవి సెలవుల్లో పిల్లల్ని ఆడుకోనివ్వండి. నా దగ్గర కొత్త లెన్సులు కొన్ని మిగిలాయి. చిలకలూరిపేట శాఖా గ్రంథాలయంలో పెట్టినా, వేటపాలెంలో పెట్టినా, పత్తి సీజను అయ్యాక ఏటా వచ్చి దుమ్ము దులిపి, లెన్సు మార్చి పోతాను, డబ్బులక్కర్లేదు.